కెమెరాకి కుట్టిన కుల్లాయి

మా ఇంట్లో కెమెరాకి ఒక కుల్లాయి ఉంది. పాప పాత గౌను చెయ్యి కత్తిరించి, అంచుకు ఎలాస్టిక్ ఎక్కించి కుట్టినది. లేత పసుపు రంగు మీద చిన్న చిన్న బాతులు. ఇంటికి వచ్చినవాళ్లు అది ఏ బొమ్మకో తొడిగేదనుకుంటారు. ఉయ్యాల ఎదురు గోడకి, కెమెరా కింద మేకుకి అది వేలాడుతూ ఉంటుంది. ఈ మధ్యే ఉయ్యాల విప్పేశాం, పాప అందులో పట్టడం లేదు. కొక్కేలూ మేకులూ పీకుతూ పీకుతూ ఆ మేకు దగ్గరికి వచ్చేసరికి మా ఆయన చెయ్యి ఆగిపోయింది. "ఇది ఉండనీ" అన్నాడు. నేనూ అదే అనబోతున్నాను.

ఆ కుల్లాయి కుట్టిన మనిషి ఈ ఎండాకాలంలో పోయింది. ఆమె మా అత్తగారి అక్క, నాకు పెద్దత్త. పాప పడుకున్నాక ఆమె గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. ఎక్కడ పుట్టింది, ఎన్నేళ్లు బతికింది అనేవి రాయబోవడం లేదు. అవి నాకూ సరిగ్గా తెలియవు.

పెద్దత్త అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఆమె నడుముకి దోపుకునే గుడ్డ సంచి. తాడు లాగితే మూతి ముడుచుకునే రకం. అందులో తమలపాకులు, వక్కలు, సున్నం డబ్బీ, వాటి మధ్యన స్మార్ట్‌ఫోను. ఎప్పుడు బయటికి తీసినా తెర మీద ఎక్కడో ఒకచోట సున్నం మరక ఉండేది. కొంగుతో తుడుస్తూ, "ఈ యమ్మ గూడా నాతో పాటు ఆకేస్తుంది మే" అనేది. అడిగితే బదులిచ్చే ఫోను యంత్రం గొంతుకి ఆమె పనులు చెప్పేది అరవంలో, తిట్టేది తెలుగులో. ఎందుకలా అని అడిగితే, "దానికి తెలుగు సరిగా రాదు గదా. నేను తిట్టింది తెలీదు. పాపం, బాధపడదు" అంది.

తిరుత్తణి దగ్గర పల్లెలో ఆమెకి వరి కయ్యలు, కొంచెం చెరుకు ఉండేవి. బోరు మోటారుకి మా ఆయన మొబైల్ స్టార్టర్ బిగించాడు. మా ఆయనకి తిరువళ్లూరులో మోటారు పంపుల షాపు. చుట్టుపక్కల పల్లెల్లో ఇలాంటివి చాలా బిగించాడు. ఇంట్లో కూర్చుని ఫోను చేస్తే పొలంలో మోటారు ఆడుతుంది. ఆడిన వెంటనే ఫోనుకి మెసేజ్ వస్తుంది. అందరికీ అక్కడితో పని అయిపోతుంది, పెద్దత్తకి మాత్రం కాదు. ఆ స్టార్టర్‌ని ఆమె డబ్బా అనేది. మెసేజ్ చూసుకుని వెంటనే పక్క కయ్య ఆమెకి ఫోను చేసేది.

"ఏమక్కా, మోటారు ఆడతా ఉండాదని డబ్బా చెప్పింది. నువ్వు చెప్పు, నీళ్లు పడతా ఉండాయా?"

ఒకసారి డబ్బా ఆడుతోందనే చెప్పింది. పక్క కయ్య ఆమె మాత్రం, పైపు ఊడి నీళ్లన్నీ బాట మీద పారుతున్నాయని చెప్పింది. పెద్దత్త డబ్బాని ఏమీ అనలేదు. "అది మోటారు ఆడతా ఉండాదనే గదా చెప్పింది. నీళ్లు కయ్యలో పడతా ఉండాయని చెప్పలేదే" అంది.

పాపకి ఆరో నెల దాటాక నేను మళ్లీ ఉద్యోగంలో చేరాల్సి వచ్చింది. ఆఫీసు చెన్నైలో. రోజూ తిరువళ్లూరు నుంచి లోకల్ రైల్లో పోయి రావాలి. నాకు మొదటినుంచీ భయాలు ఎక్కువ. పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేదాన్ని. ఎవరికి అప్పజెప్పి పోవాలా అని నేను గింజుకుంటుంటే, అడక్కుండానే పెద్దత్త సంచి సర్దుకుని వచ్చేసింది. అప్పటికే మా ఆయన ఉయ్యాల ఎదురుగా కెమెరా బిగించి ఉన్నాడు. ఫోన్లోంచి తిప్పితే తల తిప్పుతుంది. అక్కడి మాట మనకి వినిపిస్తుంది, మన మాట అక్కడ వినిపిస్తుంది. పెద్దమనిషి నమ్మి వస్తే ఆమె నెత్తిన కాపలా పెట్టినట్టుంటుందే అని నేను తల వంచుకుని నిలబడ్డాను.

ఆమె మాత్రం దాని చుట్టూ తిరిగి చూసింది. "ఏదీ, మళ్లా ఒకసారి తిప్పురా" అని మా ఆయన చేత తిప్పించి, పకపకా నవ్వింది.

"నేను ఈడ కూసోని మా మోటారు ఆడిస్తా ఉండా. ఈ యమ్మి రైల్లో కూసోని బిడ్డని చూసుకుంటుంది. మంచిదే గదరా."

నా గుండె మీది బరువు దిగింది. నాలుగు రోజులు గడిచాయో లేదో, ఆఫీసులో ఊరికే ఉండలేక ఫోను తెరిచి చూస్తున్నాను. పాప కాలి మీది దుప్పటి జారింది. వెంటనే పెద్దత్తకి ఫోను చేశాను.

"పెద్దత్తా, పాప కాళ్లకి దుప్పటి లేదు, కప్పు."

ఆమె లేచి దుప్పటి కప్పింది. తరవాత నిదానంగా అడిగింది: "నువ్వు ఎప్పుడొచ్చినావు మే?"

ఆ సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి ఆమె కాళ్లు చాపుకుని పాప పాత గౌను కత్తిరిస్తోంది. కోపం లేదు. సూదిలో దారం ఎక్కించమని నాకే ఇచ్చింది.

"మా ఊళ్లో పగలంతా తలుపులు తెరిచే ఉంటాయి, తెలుసునా? అయినా వాకిట్లో నిలబడి 'అక్కా, ఉండావా' అని పిలవందే ఎవురూ లోపలికి రారు. లోపలున్నోళ్లు చీర సర్దుకుంటారో, బిడ్డకి పాలిస్తా ఉంటారో, ఏడుస్తా ఉంటారో. కట్టుకున్నోడు గూడా దగ్గి వస్తాడు. నువ్వు చదువుకున్నదానివి, పిలవకుండా వచ్చేస్తివే?"

"భయంగా ఉండి చూసినా పెద్దత్తా. నీ మీద అనుమానంతో కాదు."

"చూడు మే. పొద్దంతా చూడు. నేను వద్దన్లా. పిలిచి చూడు."

అట్లా ఆ కుల్లాయి తయారయింది. పాపకి నూనె రాసేటప్పుడు, బట్టలు మార్చేటప్పుడు కెమెరాకి కుల్లాయి. "నీళ్లు పోసేటప్పుడు తలుపు మూస్తాం గదా. చంటిదైతే మాత్రం ఏంది, ఆడబిడ్డ. ఇది దీని తలుపు." మిగతా వేళల్లో అది మేకు మీద ఉండేది. నేను చూడాలనుకుంటే ముందు మాట్లాడే బటన్ నొక్కి, "పెద్దత్తా, వస్తా ఉండా" అనాలి. ఆమె "రా, రా" అనాలి. అప్పుడే చూడాలి.

రైల్లో మొదట్లో నాకు సిగ్గేసేది. ఆడవాళ్ల పెట్టెలో కూర్చుని ఫోనుకి చెప్పేదాన్ని, "పెద్దత్తా, వస్తా ఉండా." ఫోన్లోంచి ఆమె గొంతు పెట్టెంతా వినిపించేది: "రా మే. కాళ్లు కడుక్కోని రా!" పక్కన పూలు కట్టుకుంటూ వచ్చే ఆమె రోజూ అడిగేది, "యాడికమ్మా పోతావు, కిటికీలోంచి దూకతావా?" అని. కొన్నాళ్లకి ఆమే నాకు గుర్తు చేయడం మొదలుపెట్టింది. "ఏమ్మా, ఈ రోజు ఇంకా ఇంటికి పోలా?"

చెప్పొద్దూ, ఆ నెలల్లో నేను కొంచెం మనిషినయ్యాను. రైలు ఆవడి స్టేషను దాటేలోపల ఒకసారి, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒకసారి పాపని చూసుకునేదాన్ని. పెద్దత్త పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని నా గొంతు వచ్చేవైపు చెయ్యి చూపించేది. "అదిగో అమ్మ వచ్చింది. చెయ్యూపు." పాప కెమెరాకి చెయ్యి ఊపడం అలా నేర్చుకుంది. పాప మొదటి పన్ను కనిపించినప్పుడు నేను రైల్లో ఉన్నాను. అయినా చూశాను. అది ఆ యంత్రం నాకు చేసిన ఉపకారం. కాదనను.

ఒక రోజు తిరిగి వస్తూ రైల్లో ఫోను తెరిచి, "పెద్దత్తా, వస్తా ఉండా" అన్నాను. బదులు లేదు. తెర నల్లగా ఉంది. స్నానమేమో అనుకున్నాను. సాయంత్రం పూట స్నానం ఏమిటని వెంటనే అనిపించింది. మళ్లీ పిలిచాను. బదులు లేదు. ఆమె ఫోనుకి చేశాను, ఎత్తలేదు. తెర నల్లగానే ఉంది. తిరునిన్రవూరులో బండి ఆగితే, ఎందుకు ఆగిందని దాని మీద కోపం వచ్చింది. షాపులో ఉన్న మా ఆయనకి ఫోను చేసి, పరిగెత్తి ఇంటికి పొమ్మన్నాను. నా మొహం చూసి పూలామె కట్టే దారం వదిలేసి నా చెయ్యి పట్టుకుంది. కాసేపటికి మా ఆయన ఫోను. "ఇద్దరూ బాగుండారు. నువ్వు నిదానంగా రా." అతని గొంతులో ఏదో తేడా ఉంది. నిదానంగా ఎట్లా వస్తాను?

ఇంటికి చేరేసరికి పెద్దత్త పాపని చంకలో వేసుకుని గది మధ్యలో నిలబడి ఉంది. కెమెరాకి కుల్లాయి ఉంది. మా ఆయన కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. పాపని లాక్కున్నంత పని చేశాను.

"తలుపు తీయడానికే నన్ను నాలుగు ప్రశ్నలడిగింది" అన్నాడు మా ఆయన. "పేరు చెప్తే చాల్లేదు, కిటికీ దగ్గరికి వచ్చి మొహం చూపించమనింది."

"ఏమైంది పెద్దత్తా? ఫోను ఎందుకు ఎత్తలేదు?"

"ఫోను వంటింట్లో ఛార్జింగులో ఉండాది. ఈ డబ్బాని కనిపెట్టుకోని ఉండా, ఇడిసి పోబుద్ధి గాలా" అని, తరవాత జరిగింది చెప్పింది. "బిడ్డ నిద్రపోతా ఉండింది. నేను పక్కన కూసోని ఉండా. ఈ డబ్బా గిర్రుమని తిరిగింది. నువ్వు పిలవలా. సెరి, మర్చిపోయినావేమో అని 'ఎవురది' అన్నా. బదులు లేదు. నేను లేచి పక్కకి పోతే నన్ను ఇడిసిపెట్టి ఉయ్యాల కల్లా తిరిగింది. మళ్లా అడిగినా. ఇంటి మనిషైతే బదులిస్తాడు గదా? అప్పుడే తొడిగేసినా. తరవాత నువ్వు పిలిచినా, దాంట్లో ఇంకెవురు ఇంటా ఉండారో అని బదులియ్యలా."

"కదిలేదాన్ని చూసి అదే తిరుగుతుంది పెద్దమ్మా" అన్నాడు మా ఆయన. "అట్టా చేసేదానికి దాంట్లో ఏర్పాటు ఉంది."

"కదిలింది నేను గదరా. అది పోయింది నిద్రపోయే బిడ్డ కల్లా." ఆమె గొంతు తగ్గించింది. "ఇంకోటి. కుల్లాయి తొడిగినాక దాంట్లోంచి బస్సు హారను ఇనపడింది. మన ఈదిలోకి బస్సు వస్తుందా?"

మా ఆయన ఫోను తీసి కెమెరా యాప్ తెరిచాడు. దానిలోకి ఏ ఏ ఫోన్లు వచ్చాయో చూపించే చోటు ఒకటి ఉంది. అంతకుముందు మేము ఎప్పుడూ అక్కడికి పోలేదు. అతని ఫోను ఉంది, నాది ఉంది. కింద మూడోది ఉంది. అది మాది కాదు.

అది ఎవరిదో మాకు ఇప్పటికీ తెలియదు. దాన్ని తీసేశాం. పోలీసు స్టేషన్లో చెప్పాం, రాసుకున్నారు. కానీ ఎట్లా వచ్చారన్నది మాత్రం ఆ క్షణమే తెలిసిపోయింది. లోపలికి పోవడానికి కావాల్సింది మా ఆయన ఫోను నంబరు, పాస్‌వర్డ్. నంబరు షాపు బోర్డు మీద ఉంది. పాస్‌వర్డ్ తిరుత్తణి కొండ మీది సామి పేరు, దాని పక్కన కొండ మెట్ల లెక్క. షాపు పేరు కూడా ఆ సామిదే. తిరుత్తణి చుట్టుపక్కల పుట్టిన ఎవరినైనా, మా ఆయన పెట్టుకునే పాస్‌వర్డ్ ఏమయ్యుంటుందని అడిగితే రెండోసారికి సరిగ్గా చెప్పగలరు. అతనికి మాత్రం అది తాళం అనిపించలేదు, సామి కాపలా అనిపించింది.

నేను పాపని మా ఆయన ఒళ్లో పెట్టి, కుర్చీ వేసుకుని ఎక్కి కెమెరా పీకబోయాను. ఎవడో బస్సు స్టాండులో నిలబడి నా బిడ్డని చూశాడు. ఎన్ని రోజులుగా చూస్తున్నాడో. ఉద్యోగమూ వద్దు, ఏమీ వద్దు, రేపే మానేస్తానని ఏడుస్తూ అన్నాను. పెద్దత్త నా కాలు పట్టుకుని లాగింది.

"దిగు. దిగు మే, పడతావు."

దిగి కూర్చున్నాక సంచి విప్పి ఆకుకి సున్నం రాస్తూ చెప్పింది. ఆమె భర్త సంగతి ఆమె నోట నేను విన్నది అదొక్కసారే.

"అప్పట్లో మాకు త్రీఫేస్ కరెంటు రాత్రిపూటే. వాన పడతా ఉన్నా కరెంటు వస్తే పోయి మోటారు వేసి రావాల. మీ పెద్దమామ అట్ట పోయినోడే. గట్టు మీద పాము. పొద్దున గదా మాకు తెలిసింది. ఈ మోటారు డబ్బా అప్పుడు ఉండుంటే ఆయన ఇంట్లోనే ఉండును." ఆకు మడిచి నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకుంది. "డబ్బాని పీకేయొద్దు. నువ్వు ఉద్యోగమూ మానొద్దు. బీగం మార్చు. అంతే."

ఆ మాట విన్నాక నేను ఎక్కిన కుర్చీని పక్కకి జరిపేశాను. మంచి అయినా చెడు అయినా ఆ యంత్రం ఏం చేయగలదో మా ముగ్గురిలో ఆమెకి తెలిసినంత ఎవరికి తెలుసు?

తరవాత మా ఆయన వైపు తిరిగింది. "ఒరే నాయినా, ఊళ్లల్లో నువ్వు బిగించిన మోటార్లకి ఏం బీగం పెట్టినావు?"

అతను తల దించుకున్నాడు. అన్నిటికీ అదే.

"అందరికీ ఫోను చేసి చెప్తాలే పెద్దమ్మా."

"ఫోన్లో కాదు. బిగించేదానికి పోయినావు గదా, మార్చేదానికి గూడా పో. ప్రతి వాకిట్లో నిలబడి పిలువు."

షాపు పేరు పోతుందని అతను గొణిగాడు. ఆమె వినలేదు. ఆదివారాలు నేను ఇంట్లో ఉంటాను కాబట్టి, అతని బండి వెనక తనే ఎక్కి కూర్చుంది. ఎక్కడెక్కడికి పోయారో, వచ్చి చెప్పి నవ్వించేది. ఒక ఊళ్లో పెద్దాయన అసలు ఒప్పుకోలేదట. "సామి పేరు తీసేయమంటావా? ఏం మాట అది?" అన్నాడట. దానికి ఈమె, "సామిని కొండ మీదే ఉండనియ్ అన్నా. నీ బోరు మోటారుకి కాపలా పెట్టాల్నా ఆయన్ని?" అందట. పెద్దాయన నవ్వి, మనవరాల్ని పిలిచి మార్పించుకున్నాడట. షాపు పేరు పోలేదు. ఇప్పుడు మా ఆయన దగ్గర కొత్తగా బిగించుకునేవాళ్లు, "పాస్‌వర్డ్ నేనే పెట్టుకుంటా, నువ్వు అటు తిరుగు" అంటారు. అతను బుద్ధిగా గోడవైపు తిరుగుతాడు.

మా కెమెరాకి కొత్త పాస్‌వర్డ్ కావాల్సి వచ్చినప్పుడు పెద్దత్త నన్ను వంటింట్లోకి పిలిచి చెవిలో ఒక పేరు చెప్పింది. నేను ఎప్పుడూ వినని పేరు. ఎవరిదని అడిగాను. చెప్పి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఆ పేరు తెలిసినోళ్లు ఎవురూ లేరు ఇప్పుడు. నీ మొగునికి గూడా చెప్పొద్దు, బోర్డు మీద రాసుకుంటాడు" అంది. ఆ పేరు ఎవరిదో ఇక్కడ రాయను. రాస్తే ఆమె ఒప్పుకోదు.

పాపకి ఏడాది నిండి నడక వచ్చేదాకా ఉండి, నాట్ల సమయానికి ఊరికి పోయింది. ఆ తరవాత వచ్చిపోతూ ఉండేది. ఎండాకాలంలో ఒక పొద్దున, మోటారుకి ఫోను చేయకముందే పోయింది. పక్క కయ్య ఆమెకి అనుమానం వచ్చింది అందుకే. రోజూ వచ్చే ఫోను రాలేదని పరిగెత్తి వచ్చి, వాకిట్లో నిలబడి పిలిచిందట. చాలాసేపు పిలిచాకే లోపలికి పోయిందట.

ఇప్పుడు పగలు మా అమ్మ వచ్చి పాపని చూసుకుంటోంది. కెమెరా అలాగే ఉంది. నా భయాలూ ఉన్నాయి. కొత్తగా ఏదైనా వస్తువు కొనాలంటే, అది మా ఇంటి మాటలు ఎక్కడికి మోసుకుపోతుందో అని పదిసార్లు అడుగుతాను. కొని తెచ్చాక వాడతాను కూడా.

ఈ రోజు ఆఫీసులో పని ఎక్కువై, తొందరలో పిలవడం మరిచి ఫోను తెరిచాను. అమ్మ పక్క గదిలో బట్టలు మడుస్తున్నట్టుంది. పాప నేల మీద కూర్చుని గిన్నెలు పేర్చుకుంటోంది. సరిగ్గా కనబడలేదని కెమెరా కొంచెం తిప్పాను. ఆ గిర్రుమన్న చప్పుడుకి పాప చెయ్యి ఆగింది. తల ఎత్తి సూటిగా నావైపు చూసింది. చెయ్యి ఊపలేదు. లేచి, మేకు దగ్గరికి పోయి, మునివేళ్ల మీద నిలబడి కుల్లాయి అందుకోబోయింది. అందలేదు. నడుము మీద చెయ్యి పెట్టుకుని, ఎవరో నేర్పి పెట్టినట్టు అడిగింది:

"ఎవురది?"

ఆఫీసులో చుట్టూ అందరూ ఉన్నారు. బటన్ నొక్కి గట్టిగానే చెప్పాను.

"నేనే తల్లీ, అమ్మని. వస్తా ఉండా."

పాప కాసేపు ఆలోచించింది.

"రా, రా" అంది.